తీసేసిన మేనేజర్‌ను ఏ తక్కెడలో తూచాలి? బ్లాక్‌బర్న్ రోవర్స్ చిట్టా చూస్తూ ఒక పోలిక

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అన్న సామెతను ఎవరో ఇంగ్లాండ్ దిగువ లీగుల ఫుట్‌బాల్ మేనేజర్లను చూసే కట్టారేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. జట్టు గెలుస్తున్నంత కాలం గ్యాలరీలో అతని పేరు మీద పాట పాడతారు. అతణ్ణి పంపించేసిన మరుసటి శనివారానికల్లా అతడు తెచ్చిన ఆటగాళ్లందరూ పనికిమాలినవారని, వారికి పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరని తేల్చేస్తారు. ఆ తిట్లలో నిజం ఉండదని నేను అనను, కొన్నిసార్లు నిండుగానే ఉంటుంది. అయితే ఒకే మేనేజర్‌ను ఒకరు పాయింట్ల పట్టికతో, మరొకరు ఆటగాళ్ల బదిలీల (కొనుగోళ్లు, అమ్మకాల) లాభనష్టాలతో, ఇంకొకరు అతడు వదిలి వెళ్లిన జట్టుతో కొలుస్తూ, అందరూ ఒకే విషయం మీద వాదిస్తున్నామని అనుకోవడం వల్లనే ఆ వాదనలు ఎన్నటికీ తెగవు. ఈ మూడు కొలతల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎప్పుడు మోసం చేస్తుందో పోల్చి, ఎవరికి దేన్ని వాడాలో చెప్పడం ఈ వ్యాసం పని.

నమూనాగా బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను తీసుకుంటున్నాను. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన ఈ లాంకషైర్ క్లబ్‌ను 2010 నవంబరులో పుణె కేంద్రంగా ఉన్న వెంకీస్ సంస్థ కొన్నది. ఆ సంస్థను స్థాపించిన బి.వి.రావు పేరు మన కోళ్ల రైతులకు పరిచయం చేయనక్కరలేదు. రోజూ ఉదయం పత్రికలో మనం చూసే గుడ్డు ధరను ప్రకటించే ‘నెక్’ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వెనుక ఉన్నది ఆయన చొరవే. క్లబ్ చేతులు మారిన తర్వాత 2012లో చాంపియన్‌షిప్‌కు, అంటే రెండో అంచెకు, 2017లో లీగ్ వన్‌కు, అంటే మూడో అంచెకు జారి, 2018లో మళ్లీ ఒక మెట్టు ఎక్కింది. ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిచిన జట్టు మూడో అంచెకు పడిపోవడం అదే మొదటిసారి. ఈ క్రమంలో వచ్చిపోయిన మేనేజర్లలో యాభై ఏడు రోజులు ఉన్నవారూ ఉన్నారు, ఐదేళ్లు ఉన్నవారూ ఉన్నారు. పోల్చి చూడటానికి ఇంతకంటే నిండైన చిట్టా దొరకదు.

తూచే ముందు అడగవలసిన ప్రశ్న

ఏ కొలత ఎంచుకున్నా అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ ఆటగాణ్ణి నిజంగా ఎంచుకున్నది ఎవరు? పాత ఇంగ్లీషు పద్ధతిలో మేనేజర్ అంటే శిక్షణ నుంచి బదిలీల దాకా అన్నీ చూసే పెద్ద దిక్కు. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో అతడు హెడ్ కోచ్ మాత్రమే. ఆటగాళ్ల ఎంపిక క్రీడా డైరెక్టర్ చేతిలోనో, యజమాని సలహాదారు చేతిలోనో ఉంటుంది. ఈ తేడా గమనించకుండా చేసే విమర్శ అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే ఉంటుంది.

2012 వేసవిని చూడండి. చాంపియన్‌షిప్‌కు జారిన రోవర్స్‌కు స్టీవ్ కీన్ మేనేజర్, షెబ్బీ సింగ్ అంతర్జాతీయ సలహాదారు. ఆ వేసవిలో 36 ఏళ్ల నునో గోమెస్‌తో పాటు మరికొందరు పోర్చుగీసు ఆటగాళ్లు వచ్చారు. గోమెస్ ఒక్క సీజన్‌తో వెళ్లిపోయాడు, మిగిలినవారిలో చాలామంది మొదటి జట్టులో నిలదొక్కుకోలేదు. అదే వేసవి చివరి రోజుల్లో హడర్స్‌ఫీల్డ్ నుంచి జోర్డాన్ రోడ్స్‌ను దాదాపు 80 లక్షల పౌండ్లకు కొన్నారు. అంతకు ముందు సీజన్‌లో లీగ్ వన్‌లో 36 గోల్స్ కొట్టిన ఆ యువకుడు రోవర్స్ తరఫున వరుసగా మూడు సీజన్లలో 27, 25, 21 లీగ్ గోల్స్ సాధించాడు. కీన్ మాత్రం సెప్టెంబరు 28న రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు పోర్చుగీసు కొనుగోళ్లను కీన్ ఖాతాలో రాసేవారు రోడ్స్‌ను కూడా అదే ఖాతాలో రాయాలి కదా? రాసినవారిని నేను పెద్దగా చూడలేదు. అభిమాని చిట్టాలో చెడ్డ పద్దుకు ఎప్పుడూ ఒక పేరు ఉంటుంది, మంచి పద్దు మాత్రం ఎవరి పేరూ లేకుండా మిగులుతుంది. ఒక్కో కొనుగోలును ఎవరు ప్రతిపాదించారో మనకు తెలియనప్పుడు, రెండింటినీ మేనేజర్‌కే రాయడమో, రెండింటినీ క్లబ్‌కే రాయడమో చేయాలి. ఒకటి ఇటు, ఒకటి అటు రాయడం లెక్క కాదు.

మేనేజర్ కోరుకున్నా రాని ఆటగాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 జనవరి ఆఖరి రోజున నాటింగ్‌హామ్ ఫారెస్ట్ నుంచి లూయిస్ ఓబ్రయన్‌ను లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, తీసుకోవాలనుకున్నారు. కాగితాలు గడువులోగా లీగ్‌కు చేరలేదు, బదిలీ రద్దయింది. మరుసటి ఏడాది ఓర్లాండో సిటీ నుంచి రావలసిన డంకన్ మెక్‌గ్వైర్ బదిలీ కూడా అదే తీరున కాగితాల దగ్గరే ఆగిపోయింది. దానికి తోడు 2023 నుంచి యజమానులు భారతదేశం నుంచి క్లబ్‌కు నిధులు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవలసిన పరిస్థితి వచ్చింది. ఆ రెండేళ్ల జట్టును చూసి అప్పటి మేనేజర్ యాన్ డాల్ టొమాసన్‌ను తప్పుపట్టేవారు, అతడు అడిగినదానికీ అతడికి దక్కినదానికీ ఉన్న దూరాన్ని కూడా కొలవాలి.

మొదటి తక్కెడ: పాయింట్ల పట్టిక

అందరికీ తెలిసిన కొలత ఇదే. దీని బలం దాని సూటిదనం. జట్టు ఎన్ని గెలిచింది, ఎక్కడ నిలిచింది అన్నదాన్ని ఎవరూ కాదనలేరు. దీని బలహీనత ఏమిటంటే, అది మేనేజర్‌ను కాక అతడికి దొరికిన జట్టును కొలుస్తుంది.

హెనింగ్ బెర్గ్ 2012 నవంబరు 1న వచ్చి డిసెంబరు 27న వెళ్లాడు. యాభై ఏడు రోజులు, పది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు. పట్టిక ప్రకారం ఇంతకంటే ఘోరం ఉండదు. కానీ ఆటగాళ్లను కొనే బదిలీల గడువు వేసవి తర్వాత మళ్లీ జనవరిలోనే తెరుచుకుంటుంది. అంటే అతడు తన జట్టును కొనుగోళ్లతో మార్చుకునే అవకాశమే రాకముందు అతడి పని అయిపోయింది. బెర్గ్ కొనుగోళ్ల గురించి వాదించడం పెళ్లికాని ఇంట్లో కట్నం గురించి వాదించడం లాంటిది. అతడి వల్ల క్లబ్‌కు జరిగిన నిజమైన నష్టం మైదానంలో కాదు, ఒప్పందంలో ఉంది. మూడేళ్ల ఒప్పందంలో మిగిలిన కాలానికి దాదాపు 22.5 లక్షల పౌండ్లు చెల్లించాలని 2013లో ఇంగ్లాండ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ షరతుకు ఒప్పుకుని సంతకం చేసింది బెర్గ్ ఒక్కడే కాదు, క్లబ్ కూడా. అతడి తర్వాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ అరవై ఏడు రోజులు ఉన్నాడు. ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 16న, ఎఫ్‌ఏ కప్‌లో ఆర్సెనల్‌ను దాని సొంత మైదానంలో 1-0తో ఓడించాడు. నెల తిరిగేసరికి అతణ్ణీ పంపించేశారు. ఇలాంటి స్వల్పకాల మేనేజర్ల విషయంలో నా సలహా ఒకటే: కనీసం ఒక వేసవి, ఒక జనవరి గడువులు చూడని మేనేజర్‌ను ఏ తక్కెడలోనూ పెట్టకండి. పెట్టవలసింది అతణ్ణి ఎంచుకుని, రెండు నెలలకే వదిలించుకున్నవారిని.

అలాగని పట్టికను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. కీన్ కథకు అదే సరైన కొలత. 2010 డిసెంబరులో సామ్ అలార్డైస్‌ను తొలగించి, సహాయ సిబ్బందిలో ఉన్న కీన్‌కు పగ్గాలు ఇచ్చారు. ఆ సీజన్‌ను ఎలాగో గట్టెక్కించినా, మరుసటి సీజన్‌లో జట్టు జారిపోయింది. 2012 మే 7 సాయంత్రం, సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగాన్‌తో మ్యాచ్. వాన పడుతోంది. ఆట మొదలైన కాసేపటికే ఎవరో ఒక కోడికి క్లబ్ రంగుల జెండా చుట్టి మైదానంలోకి వదిలారు. కోళ్ల పరిశ్రమ యజమానులకు అది నేరుగా పంపిన ఉత్తరం. ఆ కోడి గడ్డి మీద అటూ ఇటూ తిరుగుతుంటే నవ్విన గ్యాలరీలే, 87వ నిమిషంలో విగాన్ ఆటగాడు అల్కరాస్ గోల్ కొట్టినప్పుడు నిశ్శబ్దమయ్యాయి. పదకొండేళ్ల తర్వాత రోవర్స్ ప్రీమియర్ లీగ్‌కు దూరమైంది. ఆ సాయంత్రాన్ని గుర్తుచేసుకునేవారు మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. అదే సీజన్‌లో కీన్ హయాంలో ఎవర్టన్ నుంచి చవకగా వచ్చిన యాకుబు 17 లీగ్ గోల్స్ కొట్టాడు, వాటిలో నాలుగు స్వాన్సీ మీద ఒకే మ్యాచ్‌లో. జారిపోయిన జట్టులోనూ మంచి కొనుగోలు ఉండవచ్చు. పట్టిక ఆ మాట చెప్పదు.

ఒకే మేనేజర్ మీద పట్టిక రెండు చోట్ల రెండు తీర్పులు ఇస్తుందనడానికి రోవర్స్ బయటి ఉదాహరణ ఒకటి చెప్పి ముందుకు సాగుతాను. ఫిల్ పార్కిన్సన్ 2019 అక్టోబరు నుంచి 2020 నవంబరు వరకు లీగ్ వన్‌లో సండర్లాండ్‌ను నడిపాడు. కరోనా వల్ల అర్ధాంతరంగా ఆగిన సీజన్‌లో జట్టు ఎనిమిదో స్థానంలో మిగిలింది, అభిమానులు అతణ్ణి పాతకాలపు మనిషి అన్నారు. అదే పార్కిన్సన్ 2023, 2024, 2025లో రెక్సమ్‌ను వరుసగా మూడుసార్లు పై అంచెకు ఎక్కించాడు. మనిషి మారలేదు. అతడి వెనుక నిలిచిన డబ్బూ, ఓపికా మారాయి.

రెండో తక్కెడ: కొన్నదెంత, అమ్మినదెంత

ఈ కొలత ఇటీవలి కాలంలో బాగా చెల్లుబాటులోకి వచ్చింది. దిగువ లీగుల క్లబ్బులకు టీవీ డబ్బు తక్కువ, నష్టాలు ఎక్కువ. ఆటగాళ్లను పెంచి అమ్మడమే బతుకుతెరువు. కాబట్టి ఒక మేనేజర్ తెచ్చిన ఆటగాళ్ల వల్ల క్లబ్‌కు ఎంత మిగిలిందని అడగడం న్యాయమే.

2017 నుంచి ఐదేళ్లు రోవర్స్ మేనేజర్‌గా ఉన్న టోనీ మోబ్రే 2018 వేసవి ఈ కొలతకు ఉన్న రెండు ముఖాలనూ చూపిస్తుంది. లీగ్ వన్ నుంచి పైకి వచ్చిన ఆ వేసవిలో ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను న్యూకాజిల్ నుంచి దాదాపు 17.5 లక్షల పౌండ్లకు కొన్నాడు. బెన్ బ్రెరెటన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్ నుంచి ముందు లోన్ మీద తెచ్చి, తర్వాత 70 లక్షల దాకా పోసి సొంతం చేసుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ 2020-21లో 28 లీగ్ గోల్స్ కొట్టాడు. మరుసటి ఆగస్టులో సౌతాంప్టన్ అతణ్ణి దాదాపు 1.5 కోట్ల పౌండ్లకు తీసుకుంది. అందులో పెద్ద వాటా పాత ఒప్పందం ప్రకారం న్యూకాజిల్‌కు వెళ్లినా, లాభం లాభమే.

బ్రెరెటన్ కథ ఇంత సాఫీగా లేదు. మొదటి సీజన్‌లో ఒక లీగ్ గోల్. రెండో సీజన్‌లోనూ ఒకటే. అప్పటికి అతడి పేరు వినిపిస్తే చాలు, గ్యాలరీలో మోబ్రే మీద తిట్ల వాన. మూడో ఏట ఏడు గోల్స్. ఆ తర్వాత తల్లి తరఫు చిలీ జట్టుకు ఎంపికై, 2021 కోపా అమెరికాలో ఆడి తిరిగి వచ్చిన కుర్రాడు 2021-22లో 22 లీగ్ గోల్స్ కొట్టాడు. మూడేళ్ల పాటు పనికిరాని కొనుగోలుగా ముద్రపడినవాడు నాలుగో ఏట జట్టుకు ప్రాణమయ్యాడు. ఇంతలో అతడి ఒప్పందం కరిగిపోతూ వచ్చింది. 2023 వేసవిలో అది ముగిసి, ఒక్క పౌండు కూడా చేతికి రాకుండానే అతడు విలారియల్‌కు వెళ్లిపోయాడు. ఇప్పుడు లాభనష్టాల పుస్తకం ఏమంటుంది? 70 లక్షలు పోయాయి, సున్నా వచ్చింది, చెత్త కొనుగోలు అంటుంది. ఆ తీర్పు రెండు రకాలుగా తప్పు. మైదానంలో అతడు ఇచ్చింది లెక్కలోకి రాలేదు. ఒప్పందం పొడిగించలేకపోవడం, మంచి ధర ఉన్నప్పుడు అమ్మకపోవడం కొన్న మేనేజర్ పని కాదు, క్లబ్ పాలకుల పని.

బ్రాడ్లీ డాక్ విషయంలో ఈ కొలత మరీ వెర్రిగా మారుతుంది. 2017లో గిల్లింగ్‌హామ్ నుంచి దాదాపు 7.5 లక్షల పౌండ్లకు వచ్చి, లీగ్ వన్‌లో 18 గోల్స్ కొట్టి, ఆ డివిజన్‌లో ఏడాది మేటి ఆటగాడిగా నిలిచాడు. ఆ తర్వాత రెండుసార్లు మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమై, 2023లో ఉచితంగా వెళ్లిపోయాడు. ఖాతాలో నష్టమే. ఆ 18 గోల్స్ లేకపోతే రోవర్స్ 2018లో పైకి వచ్చేదా అని లీగ్ వన్ చలిలో ప్రయాణాలు చేసిన ఏ అభిమానినైనా అడగండి.

కాబట్టి ఈ తక్కెడను ఒక షరతు మీద వాడవచ్చు: అమ్మకం ధరను మేనేజర్‌కు రాయకండి, కొనుగోలు ధరకూ ఆడిన ఆటకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే రాయండి. ఈ లెక్కన అన్యాయం జరిగినవాడు గ్యారీ బౌయర్. 2014 డిసెంబరులో ఆర్థిక నిబంధనల ఉల్లంఘన కింద లీగ్ రోవర్స్ బదిలీల మీద ఆంక్ష పెట్టింది. అంతకు ముందే నామమాత్రపు మొత్తాలకు కార్డిఫ్ నుంచి రూడీ గెస్టీడ్‌ను, హల్ నుంచి టామ్ కెయిర్నీని తెచ్చిన మేనేజర్ బౌయరే. గెస్టీడ్ 2014-15లో 20 లీగ్ గోల్స్ కొట్టి ఆస్టన్ విలాకు, కెయిర్నీ ఫుల్‌హామ్‌కు, ఇద్దరూ కొన్న ధరకు ఎన్నో రెట్లకు అమ్ముడుపోయారు. పట్టికలో బౌయర్ జట్టు ఎనిమిది, తొమ్మిది స్థానాలు దాటలేదు. అందుకే అతడి పేరు పొగడ్తల్లోనూ తిట్లలోనూ పెద్దగా వినబడదు. చేతులు కట్టేసి ఈత కొట్టమన్న మనిషిని ఎనిమిదో స్థానం చూపి మందలించడం నాకు సబబుగా తోచదు.

మూడో తక్కెడ: ఏం అప్పగించి వెళ్లాడు

నేను ఎక్కువగా నమ్మే కొలత ఇది. మేనేజర్ వెళ్లిన రోజున, తర్వాతి వ్యక్తి చేతికి ఏ జట్టు వచ్చింది? అందులో ఎందరు ఏడాది తర్వాత కూడా మొదటి పదకొండు మందిలో ఉన్నారు? వచ్చేటప్పుడు అతడికి దొరికిన జట్టుతో పోలిస్తే అది మెరుగా, నాసిరకమా?

ఈ కొలతకు అగ్నిపరీక్ష ఓవెన్ కోయిల్. బ్లాక్‌బర్న్ అభిమానికి అతడు పుట్టు శత్రువు. పక్క ఊరి ప్రత్యర్థి బర్న్‌లీని ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లిన మనిషి. 2016 జూన్‌లో అతణ్ణి నియమించినప్పుడే సగం మంది మొహం తిప్పుకున్నారు. 2017 ఫిబ్రవరి 21న పంపించేసేనాటికి జట్టు జారిపోయే మూడు స్థానాల్లో ఉంది. మరుసటి రోజే మోబ్రే వచ్చాడు. ఆఖరి రోజున బ్రెంట్‌ఫర్డ్‌లో 3-1తో గెలిచి, ఫారెస్ట్‌తో సమానంగా 51 పాయింట్లు తెచ్చుకుని కూడా, గోల్స్ తేడా చాలక రోవర్స్ లీగ్ వన్‌కు పడిపోయింది. పట్టిక ప్రకారం కోయిల్‌కు క్షమాపణ లేదు. లాభనష్టాల ప్రకారం చెప్పుకోదగ్గదేమీ లేదు.

మరి అప్పగింత? అతడి ఏకైక వేసవిలో సెల్టిక్ నుంచి ఉచితంగా వచ్చిన చార్లీ మల్‌గ్రూ, బ్రిస్టల్ సిటీ నుంచి వచ్చిన డెరిక్ విలియమ్స్ తర్వాతి సీజన్‌లో మోబ్రే రక్షణ వరుసకు మూలస్తంభాలయ్యారు. మల్‌గ్రూ కెప్టెన్‌గా, వెనుక వరుసలో ఆడుతూనే, ఫ్రీ కిక్‌లు, పెనాల్టీలతో కలిపి 14 లీగ్ గోల్స్ కొట్టాడు. 2018 ఏప్రిల్ 24న డాంకాస్టర్‌లో రోవర్స్‌కు మళ్లీ చాంపియన్‌షిప్ ఖాయం చేసిన ఏకైక గోల్ అతడిదే. అంతకు ముందు లోన్ మీద వచ్చి, కోయిల్ హయాంలో శాశ్వతంగా సంతకం చేసిన డానీ గ్రాహం కూడా ఆ సీజన్‌లో ముందు వరుసను మోశాడు. ఆ ఏడు 96 పాయింట్లు సాధించిన జట్టులో మోబ్రే తెచ్చిన డాక్ ఎంత ముఖ్యమో, తిట్లు తిని వెళ్లిన కోయిల్ వదిలిన వెన్నెముక అంతే ముఖ్యం. కోయిల్ మంచి మేనేజర్ అని నేను చెప్పడం లేదు. ఆ జట్టు ఆడిన ఆట చూస్తే అలా చెప్పలేను. అతడు చెడ్డ కొనుగోలుదారు అన్న మాట మాత్రం నిలవదు. ఆ రెంటినీ విడదీయగలిగింది ఈ మూడో తక్కెడ ఒక్కటే.

దీనికీ ఒక లోపం ఉంది. లోన్ ఆటగాళ్లను ఇది శూన్యంగా చూస్తుంది. 2020-21లో లివర్‌పూల్ నుంచి లోన్ మీద వచ్చిన హార్వీ ఎలియట్ 7 గోల్స్ కొట్టి, మరో 11 గోల్స్‌కు బంతి అందించాడు. వేసవికి తిరిగి వెళ్లిపోయాడు. అప్పగింత లెక్కలో అతడి విలువ సున్నా. ఆ ఏడాది అతణ్ణి చూసినవారి దృష్టిలో అది సున్నా ఎలా అవుతుంది?

ఎవరికి ఏ కొలత

పై అంచెకు ఎక్కించమని డబ్బిచ్చి నియమించిన మేనేజర్‌ను పట్టికతోనే కొలవండి. 2017-18 మోబ్రేను అలాగే కొలవాలి, అతడు నెగ్గాడు. మునుగుతున్న పడవను ఒడ్డు చేర్చమని ఫిబ్రవరిలో తెచ్చిన మనిషికి కూడా పట్టికే కొలత, అయితే అతడు చేరిన రోజు నుంచి మాత్రమే. ఆంక్షల కింద, ఖాళీ ఖజానాతో పనిచేసిన బౌయర్ వంటివారికి రెండో తక్కెడను నేను చెప్పిన షరతుతో వాడండి. రెండు సీజన్లు పైబడి ఉన్నవారందరికీ, అంతకంటే ముందే చెడ్డపేరుతో వెళ్లిన కోయిల్ వంటివారికి కూడా, మూడోదాన్ని తప్పనిసరిగా కలపండి. అది కూడా వెళ్లిన మరుసటి రోజున కాదు, ఒక పూర్తి సీజన్ గడిచాక. కోపం చల్లారడానికి కాదు ఆ గడువు. మల్‌గ్రూ వంటివారి లెక్క తేలడానికి అంత కాలం పడుతుంది.

ఆటగాళ్ల విషయంలో కూడా అందరికీ ఒకే గడువు పెట్టడం పొరపాటు. ముప్పై దాటిన ఉచిత బదిలీ ఆటగాడు మొదటి డిసెంబరు నాటికి ఉపయోగపడకపోతే ఇక పడడు. అతడి విషయంలో తొందర తీర్పు తప్పు కాదు. ఒక అంచె కింద నుంచి గోల్స్ కొట్టి వచ్చినవాడికి ఒక పూర్తి సీజన్ ఇవ్వాలి. పెద్ద మొత్తం పోసి తెచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి బ్రెరెటన్ నేర్పిన పాఠం ప్రకారం మూడేళ్లు. ధర ఎక్కువైన కొద్దీ అభిమాని ఓపిక తగ్గుతుంది. నిజానికి కుర్రాళ్ల విషయంలో అది పెరగాలి, ఎందుకంటే ఆ ధర ఈ ఏటి ఆటకు కట్టింది కాదు. సండర్లాండ్‌లో చార్లీ వైక్‌కు కూడా ఇదే జరిగింది. జాక్ రాస్ 2018లో తెచ్చినప్పుడు రెండేళ్లు తిట్లు తిన్నాడు. తెచ్చినవాడు, ఆ తర్వాతివాడు కూడా వెళ్లిపోయాక, మూడో మేనేజర్ లీ జాన్సన్ హయాంలో 2020-21లో అన్ని పోటీలలో కలిపి 31 గోల్స్ కొట్టాడు.

రేపటి మేనేజర్‌ను కోరుకునేటప్పుడు ఈ లెక్కలు ఇంకా అక్కరకు వస్తాయి. మోబ్రే విషయంలో రోవర్స్ అభిమానులు రెండుగా చీలారు. 2021-22లో జనవరిలో రెండో స్థానం దాకా వెళ్లిన జట్టు ఎనిమిదో స్థానానికి జారిందని, ఐదేళ్లు చాలని ఒక వర్గం, నిలకడ ఇతని వల్లే వచ్చిందని మరో వర్గం. క్లబ్ మొదటి దారి పట్టి, అతడి ఒప్పందం ముగిశాక టొమాసన్‌ను తెచ్చింది. మోబ్రే ఆగస్టు చివర్లో సండర్లాండ్ చేరాడు. 2023 మే 8న, ఆఖరి రోజు, రోవర్స్ మిల్‌వాల్‌లో 3-1తో వెనుకబడి కూడా 4-3తో గెలిచింది. అదే వేళ సండర్లాండ్ ప్రెస్టన్‌లో 3-0తో గెలిచింది. ఇద్దరికీ 69 పాయింట్లు. గోల్స్ తేడాలో మెరుగైన సండర్లాండ్ ఆరో స్థానంతో, పై అంచెలో చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్‌లకు వెళ్లింది, రోవర్స్ ఏడో స్థానంలో ఆగిపోయింది. పొమ్మన్న మనిషే తలుపు మూసినట్టయింది. దీన్ని చూపి టొమాసన్ ఎంపిక తప్పని వాదించేవారు అప్పటి నుంచీ ఉన్నారు. నేను ఆ వాదనతో ఏకీభవించను. మొదటి సీజన్‌లోనే ఏడో స్థానం తెచ్చిన కోచ్ విఫలుడు కాడు, పైగా అతడికి కావలసిన ఓబ్రయన్ ఆ జనవరిలో కాగితాల్లోనే చిక్కుకుపోయాడు.

టొమాసన్ 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు, జాన్ యూస్టస్ వచ్చాడు. సీజన్ ఆఖరి రోజైన మే 4న రోవర్స్ జారిపోయే ప్రమాదంలో ఉండి, అప్పటికే చాంపియన్లుగా తేలిన లెస్టర్ మైదానానికి వెళ్లింది. 2-0తో గెలిచి పందొమ్మిదో స్థానంతో బయటపడింది. రెండు గోల్స్ సామీ స్మోడిక్స్‌వే. ఆ సీజన్‌లో 27 లీగ్ గోల్స్‌తో డివిజన్ మొత్తానికే అతడు అగ్రస్థానంలో నిలిచాడు. 2022 వేసవిలో పీటర్‌బరో నుంచి వచ్చి, మొదటి ఏడు పెద్దగా మెరవక, ఇతణ్ణి ఎందుకు తెచ్చారని అనిపించుకున్న ఆటగాడు అతడే. ఆ సాయంత్రం పాటలన్నీ యూస్టస్ పేరు మీద వినిపించి ఉంటే అందులో తప్పులేదు, పడవను ఒడ్డుకు చేర్చింది అతడే. నా చిట్టాలో మాత్రం ఆ రెండు గోల్స్‌ను టొమాసన్ పేరు కిందే రాసుకున్నాను.